ఫోనుతో వచ్చిన కొసరు

సుగుణకుమారి భర్త బాబురావుకు ఈ లోకంలో రెండు నమ్మకాలు. ఒకటి యేసుప్రభువు, రెండోది కొసరు. ప్రభువు గురించి ఆదివారాలు మాట్లాడేవాడు. కొసరు గురించి మాత్రం వారమంతా మాట్లాడేవాడు.

నరసాపురం చేపల బజారులో వాళ్ళమ్మ మార్తమ్మ కొంగు పట్టుకుని తిరిగిన మనిషి ఆయన. రొయ్యలు తూచాక పైన నాలుగు వేయించుకోకుండా ఆవిడ బుట్ట ఎత్తుకున్న రోజు లేదట. "అసలు మనం కొన్నదిరా, కొసరు మన ముఖం చూసి ఇచ్చింది" అనేదట కొడుకుతో. ఆ మాట బాబురావు మనసులో వాక్యంలా నాటుకుపోయింది. న్యూకాసిల్ వచ్చి, ఆసుపత్రిలో పోర్టరుగా మంచాలూ వీల్‌చైర్లూ తోస్తూ సగం జీవితం గడిపినా అది ఊడి రాలేదు. గ్రెయింజర్ మార్కెట్లో చేపలు కొని, పొట్లం చేతికొచ్చాక కూడా కదలకుండా నిలబడి నవ్వేవాడు. ఆ చేపలమ్మే దొరకు మొదట్లో ఏమీ అర్థం కాలేదు. డబ్బులిచ్చాడు, చేపలు తీసుకున్నాడు, ఇంకా ఎందుకు నవ్వుతున్నాడు ఈయన? చివరికి ఒకరోజు వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతుంటే, ఎలాగోలా సాగనంపాలని ఒక నిమ్మకాయ తీసి చేతిలో పెట్టాడు. బాబురావు ఇంగ్లండును జయించినవాడిలా ఇంటికొచ్చాడు. ఆ నిమ్మకాయను వచ్చినవాళ్ళందరికీ చూపించేదాకా సుగుణకు కోసే అధికారం లేకపోయింది.

ఇలాంటి మనిషి 2015లో పెళ్ళాం పుట్టినరోజుకు స్మార్ట్‌ఫోను కొన్నాడు.

"చూడు సుగుణా, ఎన్ని యాప్‌లున్నాయో. మనం ఒక్కటీ అడగలేదు. కంపెనీవాళ్ళే ముందే వేసి ఇచ్చారంట" అన్నాడు, తెర మీద వేలు పెట్టి ఒక్కో పేజీ జరుపుతూ. "పక్క కొట్లో ఫోనుకి ఇందులో సగం కూడా లేవు."

"ఇవన్నీ ఏంటండీ?"

"కొసరు."

ఆ కొసరులో ఏమున్నాయంటారా? గోల్ఫ్ ఆటలో ఎవరు గెలుస్తున్నారో చెప్పేది ఒకటి. షేర్ల ధరలు ఒకటి. ఏ వంటకానికి ఏ ద్రాక్షసారా బాగుంటుందో చెప్పేది ఇంకొకటి, అదీ ఇంట్లో మందు వాసన ఎరగని కుటుంబానికి. రేసు కార్ల ఆట. రాశిఫలాలు. రోజంతా పదిళ్ళ మెట్లెక్కి దిగి వచ్చే సుగుణకు సాయంత్రం సోఫాలో కూలబడగానే "కాస్త లేచి నడవకూడదా" అని గుర్తుచేసేది ఒకటి. దాన్ని తయారుచేసినవాడు ఎదురుపడితే సుగుణ ఏం చేసేదో చెప్పలేం.

రాశిఫలాలది మరీ దారుణం. ఒక శుక్రవారం ఇంట్లో కూడిక జరుగుతోంది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా బల్ల మీద ఫోను ట్రింగుమంది. పాస్టరమ్మగారు ఒక కన్ను తెరిచి చదివారు. కన్యారాశివారికి ఈ వారం కొత్త పరిచయం కలిసొస్తుందట. ఆమెన్ అన్నాక ఆవిడ టీ తాగారు గానీ బిస్కట్ ముట్టుకోలేదు. సుగుణకు తల కొట్టేసినట్టయింది.

"తీసెయ్యండి దీన్ని" అంది వాళ్ళు వెళ్ళాక.

"ఇచ్చిన కొసరు కాదనకూడదే. చూడకు, అంతే" అన్నాడు బాబురావు.

అంతటితో ఆ మాట పక్కకు పోయింది. పోనిచ్చింది సుగుణే. ఆవిడ స్వభావం అది. ఇరుగ్గా ఉంటే తనే ఒదిగి కూర్చునే రకం. బస్సులోనూ అంతే, ఇంట్లోనూ అంతే.

సుగుణ ఉద్యోగం ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సాయం చేయడం. స్నానం చేయించడం, మందులివ్వడం, టోస్టు కాల్చి టీ పెట్టడం. ఏజెన్సీ ఇచ్చిన రోటా పట్టీ ప్రకారం ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు. ఆ వరసను రౌండు అంటారు. ఆ రౌండులో మొదటి ఇల్లు వాకర్ అనే పేటలో ఉండే మిస్ డాడ్స్‌ది. తొంభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. నోరు పెద్దది, జుట్టు అంతకంటే పెద్దది. వెన్నలాంటి తెల్లటి జుట్టు, విప్పితే నడుము దాకా జారుతుంది.

సుగుణకు ముందు వచ్చిన కేరర్లకు ఆ జుట్టంటే హడలు. అరగంటలో అన్ని పనులూ చేసి ఇంకో ఇంటికి పరిగెత్తాలి, చిక్కులు తీస్తూ ఎవరు కూర్చుంటారు? దువ్వెన పెట్టి లాగేవారు. నొప్పి పుట్టి ముసలావిడ తిట్టేది. పొట్టిగా కత్తిరించేస్తే అందరికీ సుఖమని ఆఫీసులో ఒకసారి అనుకున్నారు కూడా. ఆ సంగతి తెలిసి మిస్ డాడ్స్ బాత్రూములో గడియ పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా ఆ రోజే సుగుణ కొత్తగా వచ్చింది. తలుపు బయట నేల మీద కూర్చుని, తన జడను తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది. అవును, జడనే. సుగుణకూ నడుము దాకా ఉంది. తర్వాత గడియ తీసిన శబ్దం.

అప్పట్నించీ రోజూ పొద్దున్నే ఆ జుట్టును చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వి, మూడు పాయల జడ అల్లి, కొసకు ఎర్ర రిబ్బను కట్టడం సుగుణ పని. "యూ డోంట్ పుల్, పెట్" అనేది మిస్ డాడ్స్ కళ్ళు మూసుకుని. నువ్వు లాగవే తల్లీ అని. మళ్ళీ తెరిచాక యథాప్రకారం టీలో పాలు ఎక్కువయ్యాయని తిట్టేది.

ఇలా ఉండగా ఏజెన్సీవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఇకపై ప్రతి కేరరూ తన ఫోనులో ఏజెన్సీ యాప్ వేసుకోవాలి. రోటా అందులోనే వస్తుంది. ఇంటికి వెళ్ళగానే తలుపు దగ్గరున్న గుర్తును ఫోనుతో స్కాన్ చేయాలి, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ చేయాలి. సోమవారం నుంచి మొదలు.

సుగుణ బస్టాపులో నిలబడి యాప్ వేసుకోబోయింది. చోటు చాలదంది ఫోను. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడున్న అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, "డోంట్ వరీ సుగుణా, సోమవారానికి అవ్వకపోతే నీ రౌండు వేరేవాళ్ళకి ఇస్తాం, తర్వాత నీకింకోటి చూద్దాం" అని.

వేరేవాళ్ళంటే ఎవరో సుగుణకు తెలుసు. మంచి పిల్లే, కానీ చేతికి ఓపిక లేదు. రెండు రోజులు దువ్వుతుంది, మూడో రోజు మిస్ డాడ్స్‌ను బుజ్జగించి కత్తెర తెస్తుంది. బుజ్జగించి ఒప్పించడం వాళ్ళకు బాగా వచ్చు. ఆ ముసలావిడకు అన్నదమ్ముల్లేరు, పిల్లల్లేరు, ఉన్నదల్లా ఆ జుట్టు.

ఇంటికెళ్ళి మొగుణ్ణి అడిగింది.

"ఏవండీ, ఆ కొసరు కొంచెం తీసేద్దామండీ. పని యాప్ పట్టట్లేదు."

"దానికీ దీనికీ సంబంధం ఏంటే? అవి పుట్టుకతో వచ్చినయ్యి. చేతికో వేలు ఎక్కువుందని కోసేసుకుంటామా?"

తనే ప్రయత్నించింది. గోల్ఫ్ యాప్ మీద నొక్కి పట్టుకుంటే, తీసేసే దారే కనపడలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వెతికితే తీసేయడం లేదుగానీ, పనిచేయకుండా ఆపేసే బటన్ ఒకటి దొరికింది. అది నొక్కగానే ఫోను ఒక హెచ్చరిక చూపించింది, దీన్ని ఆపితే మిగతావి సరిగ్గా పనిచేయకపోవచ్చని. సుగుణ వేలు వెనక్కి తీసుకుంది. భుజం మీంచి తొంగి చూస్తున్న బాబురావు మొహం వెలిగింది.

"చూశావా? ఫోనే చెప్తుంది వద్దని."

ఇక సుగుణ తనకు తెలిసిన పద్ధతిలో పడింది. ఒదిగి కూర్చునే పద్ధతి. కొసరు తీయకూడదంటే, అసలు తీయాలి. బస్సులో కూర్చుని తన సొంత వస్తువులు ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. కూతురు షైనీ బడి నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసిన ఫొటోలు పోయాయి. తమ్ముడి పెళ్ళి పోయింది. తను పాడి రికార్డు చేసుకున్న పాటలు పోయాయి. తీసేసిన ప్రతిసారీ కాస్త చోటు వచ్చేది. తెల్లారేసరికి మాయమయ్యేది. ఎక్కడికి పోతోందో ఆ అమాయకురాలికి తెలియదు. ఆ కొసరు యాప్‌లు రాత్రికి రాత్రి తమంతట తామే అప్‌డేట్ అవుతూ, వచ్చిన చోటంతా మింగేస్తున్నాయి. ఏకై వచ్చి మేకై కూర్చున్నాయన్నమాట. తిండికి ముందు, పనికి వెనక.

కార్డు పెట్టుకుని చోటు పెంచుకుందామంటే దానికి సందు కూడా లేని ఫోను అది. ఆ సంగతి మాత్రం కొట్లో ఎవరూ చెప్పలేదు.

శనివారం వచ్చింది. ఆ రోజు మార్తమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండేళ్ళు. ఏటా ఆ రోజు నలుగుర్ని పిలిచి ప్రార్థన చేయించి, ఆవిడకిష్టమైన రొయ్యల ఇగురు వండి పెట్టడం ఆ ఇంట్లో ఆనవాయితీ. లీడ్స్‌లో చదువుకుంటున్న షైనీ కూడా వచ్చింది. షైనీకి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం అచ్చమైన న్యూకాసిల్‌వాళ్ళ జోర్డీ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది. నానమ్మ బతికున్నప్పుడు ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు, ఆవిడ తెలుగులో ఈవిడ ఇంగ్లీషులో. ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

మధ్యాహ్నం వంటింట్లో ఇగురు ఉడుకుతుంటే సుగుణ ఫోను తీసింది. తీసేయడానికి ఇక మిగిలింది ఒక్కటే. మార్తమ్మ వీడియో. చివరిసారి నరసాపురం వెళ్ళినప్పుడు చేపల బజారులో పాత ఫోనుతో తను తీసి, ఇందులోకి ఎక్కించుకున్నదే. అత్తగారు పోయాక చూడాలంటే గుండె ఒప్పలేదు. బాబురావు అయితే ఒక్కసారి మొదలుపెట్టి, అమ్మ మొహం కనపడగానే ఆపేసి బాత్రూములోకి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ అందులో ఏముందో కూడా సరిగ్గా గుర్తులేదు. కానీ ఉంది, అది చాలు.

అత్తగారా, మిస్ డాడ్సా? పోయినావిడ గొంతా, ఉన్నావిడ జడా? సుగుణ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొటనవేలు తెర మీద పెట్టింది.

"మమ్, వాట్ ఆర్ యూ డూయింగ్?" షైనీ గుమ్మంలో నిలబడి ఉంది.

సంగతంతా చెప్పింది సుగుణ. షైనీ ఫోను లాక్కుని రెండుసార్లు అటూ ఇటూ నొక్కి నెత్తి కొట్టుకుంది. ఆ వీడియో నిమిషం పొడుగుంది, అది తీసినా ఆవగింజంత చోటు కూడా రాదు. చోటంతా తిన్నది ఆ పనికిమాలిన యాప్‌లే. "దిస్ ఈజ్ ఆల్ జంక్, మమ్. డాడ్!" అని హాల్లోకి కేకేసింది.

బాబురావు తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు.

"వీటిని ఆపేస్తే సరిపోతుందంటండీ" అంది సుగుణ.

"మళ్ళీ అదే గోల. అమ్మ తలంపు రోజున అమ్మ మాట కాదంటావా?"

అప్పుడు సుగుణ ఒక పని చేసింది, పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ చేయనిది. పొయ్యి ఆపేసి, గరిటె బల్ల మీద పెట్టి, మొగుడి కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది.

"మీ కొసరు కోసం నేను షైనీ ఫొటోలు తీసేశానండీ. తమ్ముడి పెళ్ళి తీసేశాను. నా పాటలు తీసేశాను. ఇప్పుడు మీ అమ్మగారి వీడియో తీసేద్దామనుకున్నాను. సోమవారానికి ఈ యాప్ పట్టకపోతే నా రౌండు పోద్ది. ఆ ముసలావిడ జుట్టు కత్తిరించేస్తారు. ఆవిడకి ఇంకేం లేదండీ."

బాబురావు బొత్తం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఏమీ తెలియదు పాపం ఆయనకు. తెలుసుకోవాలని అడగలేదు కూడా. తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు గానీ, పట్టు మాత్రం వదల్లేదు. "అమ్మ ఎప్పుడూ కొసరు కాదనలేదే" అన్నాడు మెల్లగా.

"లెట్స్ ఆస్క్ హర్" అంది షైనీ. నానమ్మనే అడుగుదాం అని. వీడియో నొక్కింది.

చేపల బజారు హోరు వంటింట్లోకి వచ్చేసింది. నల్లటి మొహం, తెల్లటి సిగ, చంకలో బుట్ట, మార్తమ్మ. బాబురావు గోడ పట్టుకున్నాడు కానీ ఈసారి బాత్రూములోకి వెళ్ళలేదు. చేపలమ్మే ఆవిడ రొయ్యలు తూచి బుట్టలో పోసింది. మార్తమ్మ కదల్లేదు, నవ్వుతూ నిలబడింది, అచ్చం కొడుకు నిలబడ్డట్టే. చేపలావిడ గొణుక్కుంటూ పక్కనున్న గంపలోంచి గుప్పెడు చిన్నచేపలు తీసి బుట్టలో పడేసింది. మార్తమ్మ వంగి వాసన చూసింది.

"ఏంటిది?"

"కొసరు మామ్మా."

"నీకు అమ్ముడుపోనిది నాకు కొసరంటే? నా బుట్టలో చోటు నీ చెత్తకి కాదు. తియ్యి. నాకు పనికొచ్చేది వెయ్యి."

చేపలావిడ తీసింది. రెండు మంచి రొయ్యలు పడ్డాయి. మార్తమ్మ కెమెరా వైపు తిరిగి, "ఏంటే అమ్మాయ్, ఇది కూడా తీస్తున్నావా" అని నవ్వింది. వీడియో అయిపోయింది.

బాబురావు ముందు ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగలేదు. పాస్టరుగారు వచ్చి తలుపు గంట కొట్టేసరికి తండ్రీ కూతుళ్ళిద్దరూ వంటింటి బల్ల దగ్గర ఫోను మీద తలలు కలిపి ఉన్నారు. ముందు యాప్‌లో చేరిన కొత్త సరుకంతా తీసేసి, తర్వాత దాన్ని ఆపేయాలట. అలా చేస్తే అది మళ్ళీ పెరగదు, కళ్ళకూ కనపడదు. ప్రతిదానికీ ఫోను అదే హెచ్చరిక చూపించింది. ప్రతిసారీ బాబురావు, "అమ్ముడుపోనిది నాకెందుకురా" అని దాన్ని మందలించి మరీ నొక్కాడు. గోల్ఫ్ పోయింది. షేర్లు పోయాయి. ద్రాక్షసారా పోయింది. నడవమనేదాన్ని సుగుణ స్వయంగా నొక్కింది. రాశిఫలాలు మాత్రం ఎంత చేసినా ఆగేది కాదట, ఆ బటన్ పనిచేయదట. షైనీ దాని నోరు మూయించి, చిట్టచివరి పేజీలో ఒక మూల డబ్బాలో పెట్టి దాచేసింది. టార్చిలైటు యాప్ దగ్గర బాబురావు ఆగాడు.

"ఇది ఉంచుదామే. ఇది పనికొచ్చే కొసరు."

ఉంచారు.

సోమవారం పొద్దున సుగుణ మిస్ డాడ్స్ తలుపు దగ్గర ఫోను పెట్టింది. టిక్కుమంది. స్నానం, మందులు, టోస్టు, టీ, టీ గురించి తిట్లు. జడ సగం అల్లేసరికి ఫోను బీప్‌మంది, ఈ ఇంటికి ఇచ్చిన సమయం అయిపోయిందని. ఇదొక కొత్త పీడ.

"యువర్ టైమ్ ఈజ్ అప్, పెట్" అంది మిస్ డాడ్స్, కళ్ళు తెరవకుండానే. ఆవిడ భుజాలు కాస్త బిగుసుకున్నాయి.

సుగుణ లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. స్కాన్ చేసింది. పని అయిపోయినట్టు ఆఫీసుకు తెలిసిపోయింది. తర్వాత తలుపు మూసి వెనక్కి వచ్చి, ముసలావిడ వెనక కూర్చుని, వదిలేసిన మూడు పాయలూ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఇది కొసరు" అంది తెలుగులో.

మిస్ డాడ్స్ అర్థమేమిటని అడగలేదు. భుజాలు మెల్లగా దించి, తల వెనక్కి వాల్చింది.